పూచీ పెట్టిన కుడిచేయి

ఆదివారము మొదలుకొని లెక్కించినచో మూడవదగు దినమును మనము మంగళవారమందుము; ఇంగ్లీషువారు ట్యూస్‌డే యందురు. ఇరువదేండ్లుగా బడిలో నల్లబల్లమీద ఈ రెండు పేళ్లను వ్రాయుచున్నాను. మొదటి పేరు వెనుక అంగారకగ్రహమున్నదని పిల్లలకు తెలియును. రెండవ పేరు వెనుక కుడిచేయి లేని దేవుడొకడున్నాడని చెప్పినప్పుడు మాత్రము వారు తలయెత్తి చూతురు. రోమకులు ఆ దినమును తమ యుద్ధదేవతయగు మార్సు పేర, అనగా ఆ గ్రహము పేరనే, పిలిచిరి. జర్మానిక జాతులవారు రోమకుల వారమును గైకొనినప్పుడు మార్సు స్థానమున తమ దేవుని నిలిపిరి. ఆ దేవుని ప్రాచీనాంగ్లభాషలో టీవు అనియు, ఉత్తరమున నార్వే ఐస్లాండు దేశములవారి నార్సుభాషలో టీరు అనియు వ్యవహరించిరి. గ్రహముల పేర దినములను లెక్కించు పద్ధతి మనకును యవనజ్యోతిషము మూలముననే వచ్చినదని చరిత్రకారులు చెప్పుదురు. కనుక మంగళవారమును ట్యూస్‌డేయు నొక్క గ్రహమును చూచి పెట్టిన రెండు పేళ్లు.

సంస్కృతము చదివినవానికి ఇంతకంటె వింత గొల్పు సంగతి మరియొకటి కలదు. టీరు అను పేరు భాషాశాస్త్రజ్ఞులు ఊహించి నిలిపిన 'తీవజ్' అను ప్రాచీనరూపమునుండి వచ్చినది. అది మన 'దేవ' శబ్దమునకును, లాటిను భాషలోని 'దేయుస్' శబ్దమునకును తోడబుట్టినది. నార్సు కవులు 'తీవర్' అని బహువచనమున వాడినప్పుడు దేవతలనియే యర్థము. అనగా ఇతని పేరునకు దేవుడనుటకంటె వేరర్థము లేదు. వెనుకటి పండితులు కొందరు ఈ పేరును మన ద్యౌస్సుతోను గ్రీకుల జ్యూసుతోను నేరుగా ముడివెట్టి, ఇతడొకప్పుడు ఆకాశాధిపతియై దేవతల నందరను ఏలినవాడని తలచిరి. నేటి పండితులు అంతదూరము పోరు. పేరు మిక్కిలి పెద్దది. మిగిలిన కథ మిక్కిలి చిన్నది. ఓడినునకును థోరునకును ఎన్నో కథలున్నవి. టీరునకు తనదని చెప్పుకొనదగిన కథ యొక్కటే, అదియు నతని చేయి పోయిన కథ.

ఐరోపా అమెరికా ఖండములలో ఈ పాతదేవతలను మరల కొలుచువారు నేడు కొందరున్నారు. ఐస్లాండులో 1972వ సంవత్సరమున అట్టివారి సంఘమొకటి వెలసి, మరుసటియేట ప్రభుత్వపు గుర్తింపును బడసెను. ఇట్టివారు వ్రాయు పుస్తకములలోను, పిల్లలకై కూర్చిన పురాణసంగ్రహములలోను టీరునకు న్యాయదేవత యనియు, ప్రతిజ్ఞలను కాపాడు దేవత యనియు, త్యాగమూర్తి యనియు బిరుదములు కనబడును. ఈ బిరుదములను ముందు చదివి, పిదప మూలకథను చదివినవాడు కొంత తడబడక మానడు. ఏలయన ఆ కథలో నొక ప్రతిజ్ఞ కలదు. ఆ ప్రతిజ్ఞ మొదటినుండియు నబద్ధము.

కథను మనకు భద్రపరచినవాడు స్నోరి స్టర్లసన్ అను ఐస్లాండు పండితుడు. ఇతడు 1179లో పుట్టి 1241లో శత్రువులచేత తన యింటనే చంపబడెను. 1220 ప్రాంతమున ఎడ్డా యను గద్యగ్రంథమును రచించెను. ఐస్లాండు దేశము క్రైస్తవమతమును స్వీకరించి అప్పటికే రెండు శతాబ్దములు దాటినది, స్నోరియు క్రైస్తవుడే. అంతేకాదు, ఇతడు ఆ దేశపు మహాసభయగు ఆల్థింగులో రెండు పర్యాయములు శాసనవక్తగా నుండినవాడు. ఒప్పందమనగా నేమో, పూచీయనగా నేమో ఎరిగిన న్యాయవేత్త. ఈ కథను చదువునప్పుడు ఆ సంగతిని మరువరాదు.

లోకి యను మాయావి దేవతకు రాక్షసస్త్రీయందు మువ్వురు సంతానము కలిగిరి: సర్పమొకటి, హెల్ యను కన్య, ఫెన్రిరు అను తోడేలు. వీరివలన దేవతలకు గొప్పకీడు మూడునని జోస్యములు వినబడెను. తల్లి స్వభావమువలన కీడు తప్పదనియు, తండ్రి స్వభావమువలన నంతకంటె కీడనియు దేవతలు తలపోసిరట. వారింకను చేసిన నేరమొక్కటియు లేదు. సర్పమును సముద్రమున పారవైచిరి. కన్యను పాతాళమునకు త్రోసిరి. తోడేటిపిల్లను మాత్రము తమ యింటనే పెంచిరి. అది పెరిగినకొలది దానియొద్దకు పోయి తిండిపెట్టు ధైర్యము ఒక్క టీరునకే యుండెను.

దినదినమునకు దాని పెరుగుదల చూచి దేవతలు భయపడిరి. లేడింగు అను సంకెలను తెచ్చి, నీ బలమును పరీక్షించుకొనుమనిరి. తోడేలు ఒక్కమారు కాలు విదల్చగా నది తెగెను. అంతకు రెండింతల బలముగల డ్రోమి యను సంకెలను తెచ్చిరి. అదియు ముక్కలయ్యెను. అప్పుడు ఓడిను నల్లవేల్పుల లోకముననున్న మరుగుజ్జు కమ్మరులయొద్దకు దూతను పంపి గ్లైప్నిరు అను మూడవ బంధమును చేయించెను. దానికి వాడిన ద్రవ్యములారు: పిల్లి నడకలోని చప్పుడు, స్త్రీ గడ్డపువెండ్రుకలు, కొండకు వేళ్లు, ఎలుగుబంటి నరములు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి. అది పట్టుదారమువలె మెత్తగా నుండెను.

ఈ పట్టికను మొదట చదివినప్పుడు నాకు తర్కపాఠము జ్ఞప్తికి వచ్చి నవ్వు వచ్చినది. మన తార్కికులు కుందేటికొమ్ము, గొడ్రాలి కొడుకు, ఆకాశపుష్పము అని లేని వస్తువులకు ఉదాహరణములు చెప్పుదురు. వారెన్నడును ఆ వస్తువులతో త్రాడు పేనలేదు. నార్సు మరుగుజ్జులు పేనిరి. ఎలుగుబంటి నరమొక్కటి యెట్లు ఆ జాబితాలో చేరినదో తెలియదు గాని, తక్కినవన్నియు లేనివి, లేక పట్టిచూపరానివి. ఇనుమును రెండుమార్లు త్రెంచిన తోడేలు, లేనిదానిని త్రెంపలేకపోయెను. అబద్ధపు మాటతో కట్టబోవు దేవతలకు ఇంతకంటె తగిన త్రాడు దొరకదు.

దేవతలు తోడేటిని వెంటబెట్టుకొని ఆమ్స్వార్ట్‌నిరు అను సరస్సులోని లింగ్వి యను దీవికి పోయిరి. పట్టుదారమును చూపి, దీనిని త్రెంపుమనిరి. తోడేలు అనుమానించినది. ఇంత సన్నని దారమును త్రెంచినందువలన తనకు కీర్తి రాదు. మాయతో చేసినదైనచో తన కాళ్లకు తగిలింపనీయదు. ఇనుపసంకెలను త్రెంచినవానికి ఇదెంత యని దేవతలు పొగడిరి. త్రెంపలేకపోయినచో నీవలన మాకు భయములేదని తెలిసిపోవును గనుక అప్పుడు విడిచిపెట్టుదుమని మాట యిచ్చిరి. తోడేటి బదులు తర్కబద్ధముగా నున్నది. కదలలేని విధమున కట్టినపిదప మీ సాయము నాకెప్పుడు వచ్చును? ఐనను పిరికివాడనిపించుకొనను. మీ మాటలో మోసము లేదనుటకు గుర్తుగా మీలో నొకరు నా నోట చేయి పెట్టుడు.

అప్పుడు దేవతలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ఎవ్వరును చేయి చాపలేదు. కొంతసేపటికి టీరు తన కుడిచేతిని చాచి తోడేటి నోటిలో నుంచెను. తోడేలు పెనుగులాడెను, పెనుగులాడినకొలది దారము బిగిసెను. దేవతలందరు నవ్విరి, టీరు తప్ప. అతడు చేతిని కోల్పోయెను. ఆ చేయి తెగిన మణికట్టును తోడేటికీలని పిలుచుట నాటినుండియేనని స్నోరి చెప్పును.

'దేవతలందరు నవ్విరి, టీరు తప్ప' అను ఈ చిన్నవాక్యమువద్ద నేనెన్నిమార్లు నిలిచిపోయితినో లెక్కలేదు. తమలో నొకని చేయి తోడేటి పండ్లనడుమ నున్నది. బంధము బిగిసినదనగా చేయి పోయినదనియే యర్థము. అది తెలిసి నవ్వినారు.

ఒకమారు తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ కథను చెప్పితిని. తోడేలు పెద్దదా ఏనుగు పెద్దదా యని కొందరడుగుచుండగా, వెనుకబల్లపై కూర్చుండు బాలిక లేచి, "టీరుకి ముందే తెలుసా, మాస్టారూ?" అని యడిగినది. కథ ముడి యంతయు నా ప్రశ్నలోనే కలదు. తెలియకుండుట యసంభవమని నా యభిప్రాయము. విడిచిపెట్టు తలంపే యున్నచో, దేవతలు చేయి చాచుటకు వెనుదీయుటేల? వారి వెనుకంజయే వారి యబద్ధమునకు సాక్ష్యము. తోడేలును దానిని గ్రహించియే యుండును. గ్రహించియు పౌరుషమునకు కట్టుబడినది. అక్కడ మోసపోయినవారెవ్వరును లేరు. అందరికిని అంతయు తెలియును. తెలిసిన యందరిలో చేయి చాచినవాడొక్కడు.

కావున టీరు అబద్ధమాడెనా? పూచీయను మాటకు రెండర్థములున్నవి. ఈ మాట నిజము, నన్ను నమ్ముమనుట యొకటి. ఈ మాట నిజము కాకపోయినచో నష్టము నాది యనుట రెండవది. మొదటి యర్థమున టీరు అసత్యవాది, మోసమున భాగస్థుడు. రెండవ యర్థమున అతడొప్పుకొన్నదంతయు కడముట్ట చెల్లించినవాడు. మనదేశపు 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమున 128వ విభాగము, జామీనుదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతయెంతో యంతయని చెప్పుచున్నది. చట్టము జామీనుదారుని మనస్సులోనికి చూడదు. చెల్లించెనా లేదా యని మాత్రమే చూచును. స్నోరి కథనమున టీరు చేయి చాచునప్పుడు ఒక్కమాటయు పలుకలేదు. మాట యిచ్చినది దేవతాసమూహము. చేయి యిచ్చినది టీరు. న్యాయవేత్తయగు స్నోరి దీనిని ఊరక వ్రాసెనని నేననుకొనను.

జామీనులను గూర్చి మా యింట కొంత తెలిసినవారమే. మా పెదతండ్రిగారు నలుగురు జ్ఞాతులు ఉమ్మడిగా తీసికొన్న బోరుబావి అప్పునకు జామీను సంతకము పెట్టిరి. ఆనాడు అరుగుమీద పదిమంది కూర్చుండిరట. కాగితము చేతులు మారుచుండగా అందరును వీధివైపు చూచుచుండిరట. బోరులో నీరు పడలేదు. ఆ నలుగురును ఒకరివెనుక నొకరు ఊరు విడిచిరి. పెదతండ్రిగారు ఎకరమున్నర మాగాణి అమ్మి బాకీ తీర్చిరి. "వాళ్లు ఎగ్గొడతారని నీకు తెలియదా, అన్నయ్యా?" అని మా నాయన గట్టిగా అడుగగా, ఆయన, "తెలుసురా. ఎవడో ఒకడు పెట్టాలి గదా" అని మాత్రమనిరి. ఊరిలో కొందరు దీనిని త్యాగమని చెప్పుకొనిరి. మా దొడ్డమ్మ ఏనాడును ఆ మాట అనలేదు. ఆ ఎకరమున్నరలో ఆమె నాట్లు వేసినది, కలుపు తీసినది. సంతకమునాడు ఆమె నెవ్వరు నడుగలేదు. త్యాగమను మాటను వినినప్పుడెల్ల, నష్టము పంచుకొన్నవారిలో నెవరెవరిని అడుగలేదో విచారించు అలవాటు నాకు ఆమె మౌనమువలన కలిగినది.

తిరిగి తోడేటికడకు వత్తము. స్నోరి గ్రంథము ప్రశ్నోత్తరరూపమున నడచును. కథ వినుచున్న గాంగ్లేరి యను బాటసారి ఇక్కడొక మంచి ప్రశ్న వేయును: ఇంత భయమే యున్నచో దేవతలు తోడేటిని చంపరైరేల? దేవతలు తమ పవిత్రస్థలములను ఎంతయు గౌరవింతురు గనుక తోడేటి రక్తముతో వానిని మైలపరుపదలచలేదని సమాధానము. మాట తప్పిన మైల కాదు; నెత్తురు చిందిన మైల! అతిథివలె పెంచిన ప్రాణిని మాయతో కట్టి, దవుడలనడుమ కత్తిని నిలువుగా గ్రుచ్చి, యుగాంతమువరకు బండకు బిగించి యుంచుట శుచియైన పని, చంపుట యశుచి. ఇట్టి మడి మనకు క్రొత్తది కాదు గనుక దూరదేశపు దేవతలను చూచి నవ్వుటకు నాకు నోరు రాలేదు. తెరచిన ఆ నోటినుండి కారు చొంగ ఒక నదియై ప్రవహించునట. ఆ నది పేరు వాన్. నార్సుభాషలో ఆ మాటకు ఆశ యని యర్థము.

మన వాఙ్మయమునను దేవతలు మాట తప్పిన కథలున్నవి. ఇంద్రుడు నముచితో స్నేహముచేసి, పగలుగాని రాత్రిగాని, తడిదానితోగాని పొడిదానితోగాని చంపనని ప్రమాణము చేసెను. పిదప సంధ్యవేళ నురుగుతో చంపెను. గ్లైప్నిరును పేనిన బుద్ధియే ఇక్కడను పనిచేసినది. భారతమున శల్యపర్వములో నముచి తల ఇంద్రుని మిత్రఘాతకుడని పిలుచుచు వెంబడించును. ఇంద్రుడు అరుణాసంగమమున స్నానముచేసి పాపవిముక్తుడగును. కథ ముగిసినది, ఇంద్రపదవి చెక్కుచెదరలేదు. నార్సు కథలో స్నానము లేదు. మోసమునకు వెల కట్టబడినది. ఆ వెల దేవతలనుండియే, దేహమునుండియే, వసూలయినది. మాట తప్పినవాడు నీట మునిగి లేచి మరల మాట యిచ్చుటకు సిద్ధమగు కథలకంటె, ఒక్క చేయియైన తిరిగిరాని కథయే నాకు గౌరవింపదగినదిగా తోచుచున్నది.

చేయి తిరిగిరాని మాట ఇక్కడ ముఖ్యము. ఐర్లండు పురాణములలో నువడ యను రాజు యుద్ధమున చేతిని కోల్పోగా వైద్యుడు వెండిచేతిని అమర్చెను. మన ఋగ్వేదమున సవితకు హిరణ్యపాణియను పేరు కలదు. యజ్ఞభాగమును తాకి అతని చేతులు తెగగా దేవతలు బంగారుచేతుల నిచ్చిరని బ్రాహ్మణగ్రంథమున కథ కలదు. టీరునకు ఇనుపచేతినైన చేసి యిచ్చినవారు లేరు. లేని వస్తువులతో త్రాడు పేనిన కమ్మరులున్న లోకమది. అడిగినచో చేసియే యుందురు. ఎవరును అడిగినట్లు లేదు.

ఇక న్యాయదేవత యను బిరుదము మాట. దీనికి ఆధారము లేకపోలేదు, కాని అది నార్సు కథలలో లేదు. ఇంగ్లండు ఉత్తరభాగమున రోమకులు కట్టిన హేడ్రియను గోడయొద్ద, హౌస్‌స్టెడ్స్ కోటసమీపమున 1883లో రాతిపీఠములు బయటపడెను. మూడవ శతాబ్దమున రోమను సైన్యములో పనిచేసిన జర్మానిక సైనికులు, నేటి హాలండులోని త్వెంటె ప్రాంతమువారు, వానిని ప్రతిష్ఠించిరి. అందు మార్సు థింక్సుస్ అను దేవుని పేరున్నది. థింగు అనగా స్వతంత్రులగు పురుషులు ఆయుధములతో చేరి వ్యాజ్యములను తీర్చుకొను సభ. ఈ సభామార్సు మన తీవజేయని పండితుల ఊహ. జర్మను, డచ్చి భాషలలో మంగళవారపు పేళ్లు ఈ థింక్సుస్ పేరునుండియే వచ్చినవని చెప్పుదురు. సభ, ఆయుధము, న్యాయము, యుద్ధము అన్నియు నొక్కచోట నుండిన కాలమది. యుద్ధమును గూడ తీర్పుగనే చూచిరి. ఆ చూపు ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు. కత్తిపిడిమీద చెక్కి టీరు పేరు రెండుమార్లు ఉచ్చరించినచో జయము కలుగునని పాతపద్యములు చెప్పిన ఆ బాణాకారపు లిపిగుర్తునే 1930 దశకమున నాజీదళములు కొన్ని ధరించినవి.

ఫ్రెంచి పండితుడు జార్జి డ్యూమెజిల్ 1940లో ప్రకటించిన మిత్రావరుణుల గ్రంథమున ఈ విషయమును మరియొక దారిని పట్టించెను. రాజ్యాధికారమునకు మాయతో భయపెట్టు ముఖమొకటి, ఒప్పందముతో నడుచు ముఖమొకటి యనియు, మన వరుణుడును మిత్రుడును ఆ రెండనియు, ఒంటికంటి ఓడినును ఒంటిచేతి టీరును వారికి సమానులనియు నతడు వాదించెను. రోముపట్టణమును ముట్టడించిన రాజు నెదుట కుడిచేతిని నిప్పులో పెట్టి, తనవంటివారు మూడువందలమంది పొంచియున్నారని నమ్మించిన మ్యూసియసును గూడ ఇతడు టీరుప్రక్కన నిలిపెను. పండితులందరును ఒప్పుకొనలేదు. సంస్కృతోపాధ్యాయునకు ఇట్టి పోలికలు మిక్కిలి తీపి; అందుచేతనే జాగ్రత్తగా తినవలెను. కాని డ్యూమెజిల్ గమనించినదొకటి నాకు నిజమనిపించుచున్నది: ఒప్పందముల దేవుడు ఒక దొంగయొప్పందమునందే తన చేతిని పోగొట్టుకొనెను. తాను కాపాడవలసినదానిని చెడగొట్టియే జగత్తును కొంతకాలము కాపాడెను.

ఐస్లాండువారు మాత్రమితనిని ప్రమాణములలో తలచుకొన్నట్లు కనబడదు. ఆ దేశమున మొదట స్థిరపడినవారి వృత్తాంతమును చెప్పు లాండ్నామబోక్ గ్రంథమున సభాప్రమాణవిధి వర్ణింపబడినది. బలియిచ్చిన యెద్దు నెత్తురుతో తడిపిన కడియమును పట్టుకొని ఫ్రేయు, నియోర్డు, సర్వశక్తుడగు దేవుడు అను మువ్వురను సాక్షులుగా పిలిచి ప్రమాణము చేయవలెను. ఆ మూడవవాడెవడని పండితులు నేటికిని వాదులాడుదురు. టీరు పేరు మాత్రము స్పష్టముగా నందు లేదు. స్నోరియు నతనిని మహాధైర్యశాలి యనియు, యుద్ధజయము నతని యధీనమనియు పొగడి, చేయి పోయిన సంగతి చెప్పి, చివర నొకమాట చేర్చును: మనుష్యులను రాజీపరచువాడని యితనికి పేరు లేదు. అవును మరి. ఒంటిచేయి చూపి, నా మాట నమ్ముమనుట యెట్లు? ఆ చేయి లేకపోవుటయే ఒకప్పుడు మాట తప్పెననుటకు రుజువు. ఆ చేయి లేకపోవుటయే మాటకు వెల చెల్లించెననుటకును రుజువు. ఏ కక్షిదారు దేనిని చూచునో చెప్పలేము.

స్నోరికంటె పాతదైన పద్యకథ యొకటి 1270 ప్రాంతపు వ్రాతప్రతిలో నిలిచియున్నది. ఆ ప్రతి 1662నుండి డెన్మార్కు రాజుల పుస్తకశాలలో నుండి, 1971లో ఐస్లాండునకు తిరిగివచ్చినది. లోకసెన్న యని దాని పేరు. సముద్రదేవుని విందులో లోకి ప్రవేశించి దేవతలనందరను పేరుపేరున దూషించును. ఒక్కొక్కరు తమ్ము తాము సమర్థించుకొందురు, లేదా ఎదురుదూషణ చేయుదురు. టీరు నోరు తెరచుట తనకొరకు కాదు, ఫ్రేయును సమర్థించుటకు. ఫ్రేయు ఏ కన్యను ఏడిపింపడనియు, బంధములలోనున్న వారినందరను విడిపించుననియు నతడు పొగడును. బంధించుటకు చేయి యిచ్చినవాడు విడిపించువానిని పొగడుట! లోకి ఊరకుండునా? ఇద్దరినడుమ రాజీచేయుట నీకు చేతకాదని ఎత్తిపొడిచి, తోడేలు కొరికిన కుడిచేతిని గుర్తుచేయును. తోడేలు లోకి కొడుకని చదువరులు మరువలేదు గదా. చేయి పోగొట్టుకొన్నవాడును, కొడుకును పోగొట్టుకొన్నవాడును ఇక్కడ ఎదురెదురుగా నున్నారు.

టీరు కోపింపడు. దేవతలకు మేలుచేసితినని చెప్పుకొనడు. నవ్వినవారిని తలపెట్టడు. నాకు చేయి లేదు, నీకు కొడుకు లేడు, ఈ లోటు మనయిద్దరికిని బాధయేయని యనును. తరువాత, ఎవ్వరు నడుగకయే, ఇంకొక మాట చేర్చును: యుగాంతమువరకు కట్టుబడి కాచుకొనియుండవలసిన ఆ తోడేటికిని సుఖము లేదు. ఆ విందులో నన్ని తిట్లనడుమ, దీవిలో బండకు కట్టిన ఆ ప్రాణికి సుఖము లేదని పలికినది ఒకప్పుడు దానికి తిండిపెట్టిన దేవుడొక్కడే.